ఈశాన్యం మూల

"ఈ తెల్ల గీత ఎవడు పోసిండో చెప్పమంటుండు," అన్నాడు ముర్తుజా.

పెద్దులుకు ఎదురుగా ఇంగ్లీషు కెప్టెన్ నిలబడి ఉన్నాడు. అతని చెయ్యి నడుముకున్న పిస్తోలు మీద ఉంది.

అది 1974. అరబ్బు దేశంలో, ధోఫార్ కొండల్లో సుల్తాను సైన్యం వాళ్ల చిన్న కోట. పై కొండల్లో తిరుగుబాటుదార్లు, కింద వీళ్లు. కోటకు బయటివైపు ఇంకో గోడ కట్టాలని కంపెనీ వాళ్లు పెద్దులునూ ఇస్తారినీ మొన్ననే లారీలో తెచ్చి దింపిపోయారు. పెద్దులు మేస్త్రీ, ఇస్తారి రాళ్లందించేవాడు. ఇద్దరిదీ కరీంనగర్ జిల్లా. ముర్తుజా హైదరాబాదువాడు, కోటలో వంట చేస్తాడు. దొర మాట వీళ్లకు, వీళ్ల మాట దొరకు చెప్పేది అతనే.

"నేనే పోసిన భాయ్. గోడకు ముగ్గు. ముగ్గు పొయ్యకుంట పునాది ఎట్ల తవ్వుతం?"

ముర్తుజా ఇంగ్లీషులో చెప్పాడు. కెప్టెన్ ఒక్క అరుపు అరిచాడు.

"వాకిలి కాడికెల్లి కట్టుకుంట పొమ్మన్నం గద, నువ్వు ఆ చివరికి ఎందుకు పోయినవ్ అంటుండు."

"అది ఈశాన్యం మూల గద! ఈశాన్యం ఇడిసిపెట్టి ఎవడన్న ముగ్గు పోస్తడా? మా అయ్య పొయ్యలె, మా తాత పొయ్యలె."

"బీడీ ముట్టియ్యాలన్నా ఈశాన్యమే చూస్తడు," అని వెనక నుంచి ఇస్తారి గొణిగాడు.

ఈశాన్యాన్ని ఇంగ్లీషులోకి ఎలా తేవాలో ముర్తుజాకు తెలియలేదు. దేవుడి మూల అనో ఏమో చెప్పినట్టున్నాడు. కెప్టెన్ నవ్వలేదు.

"అరే పెద్దులు, సంగతి విను," ముర్తుజా గొంతు తగ్గించాడు. "వాకిలికీ ఆ మూలకూ నడుమ జాగా అంత మైన్లు పాతిపెట్టిండ్రు. ఫౌజోళ్లే, పోయిన నెల. నీ గోడ అటు చేరేలోపల తీపిద్దామనుకున్నరట. కాలు పడ్డదంటే మనిషి ముక్కలు గూడ దొరకయ్."

"మాకు ఎవ్వడు చెప్పలె గద!"

"బోర్డు ఉన్నది. అరబ్బీల, ఇంగ్లీషుల."

పెద్దులు ఆ బోర్డు వైపు చూశాడు. నిన్న పగలంతా దానికే చొక్కా తగిలించి పని చేశాడు.

నిన్న మధ్యాహ్నం గమేళాలో పొడి సున్నం పెట్టుకుని, కూనిరాగం తీసుకుంటూ, ఈ జాగాలోంచే ఆ మూలకు పోయి మేకు పాతి, అక్కడి నుంచి వెనక్కి వెనక్కి నడిచి వచ్చాడు. పాదం తీసిన చోటల్లా గుప్పెడు పోశాడు. బండ అడ్డం వచ్చిన చోట ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. అరవై అడుగులు.

"మైన్ల నడుమ తొవ్వ నీకెట్ల తెల్సు అంటుండు. కొండమీదోళ్లు చెప్పిండ్రా, ఈ గీత పట్టుకొని వాళ్లు కోటలకు వస్తరా అంటుండు."

"నా పిల్లల మీద ఒట్టు భాయ్! నాకు కొండమీద ఎవడెర్క? జర చెప్పు దొరకు, నీ కాళ్లు మొక్కుత!"

కెప్టెన్ తెల్ల గీతను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. తర్వాత నెమ్మదిగా ఏదో చెప్పాడు. వింటున్న ముర్తుజా ముఖం మాడిపోయింది.

"ఆ గీత మీదనే మళ్ల మూలదాక నడువుమంటుండు. దొంగవైతే తొవ్వ తెల్సినోనివి, సాఫుగ నడుస్తవట. తెల్వనోనివైతే భయపడతవట. నీ నడక చూసి ఫైసలా చేస్తడట."

"నడువకపోతే?"

ముర్తుజా పిస్తోలు వైపు చూశాడు.

పెద్దులు చెప్పులు విడిచాడు. కుడికాలు తెల్లటి చుక్క మీద పెట్టాడు. ఏమీ కాలేదు. ఎడమకాలు ఎత్తితే అది పైనే ఆగిపోయింది. నిన్న తన కాలు ఎక్కడ పడిందో ఆ సున్నం చుక్క చెబుతోంది. కానీ వేళ్లు ఎంతదాకా ఉన్నాయో, మడమ ఎటు పడిందో చెప్పడం లేదు.

"పెద్దులన్నా, గీత ఇడువకు! గీత ఇడువకే!" ఇస్తారి ఏడుపు గొంతుతో అరుస్తున్నాడు.

పది అడుగులు. పదిహేను. కింద అంతా గులకరాళ్లు. ప్రతి రాయీ పక్కరాయి లాగే ఉంది. మొదటి బండ దగ్గర వంపు తిరిగేసరికి లుంగీ తడిసిపోయింది. వెనక సిపాయిలు ఇకిలించారు. రెండో బండ దగ్గర కాళ్లు మొరాయించాయి. చేతులు కూడా నేలకు ఆనించి, చుక్క తర్వాత చుక్క వెతుక్కుంటూ పసిపిల్లవాడిలా పాకాడు. పెళ్లాం పేరు, పిల్లల పేర్లు, చచ్చిపోయిన తల్లి పేరు, అన్నీ నోట్లోంచి వచ్చాయి.

ఎప్పటికో చేతికి మేకు తగిలింది. ఈశాన్యం మూలలో తాను పాతిన మేకు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూలబడ్డాడు.

అప్పుడే కొండ అవతలి నుంచి హెలికాప్టర్ వచ్చింది. కోటకు నీళ్ల పీపాలు తెచ్చింది. పెద్దులు నెత్తి మీదుగా, ఇంత ఎత్తున, చెవులు పగిలేలా పోయింది. దాని రెక్కల గాలికి నేల మీది దుమ్మంతా లేచి పగలు చీకటైంది. అతను మేకును కరుచుకుని, కళ్లు మూసుకుని బోర్లా పడుకున్నాడు. అది కోట లోపల దిగి, రెక్కలు ఆగి, దుమ్ము అణిగేదాకా లేవలేదు.

వాకిలి దగ్గర ముర్తుజా రెండు చేతులూ ఊపుతూ గంతులు వేస్తున్నాడు. పక్కన కెప్టెన్ కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

"పెద్దులూ! బచ్ గయా రే! ఇంత పిరికోడు దొంగ కాదన్నడు దొర! నీ తప్పేం లేదట! వాపస్ రా, చాయ్ పెడుతున్న!"

పెద్దులు కళ్లు తుడుచుకుని లేచి నిలబడ్డాడు. తన కాళ్ల దగ్గర నుంచి వాకిలి దాకా బండలున్నాయి, గులకరాళ్లున్నాయి, తెల్లటి చుక్క ఒక్కటి లేదు.