నాలుగు ముడుల తాడు

కిటికీ అవతల ఒక ముసలాయన నిలబడి, ఒక కన్ను మూసి, తాడు చాచి కృష్ణకుమారిని కొలుస్తున్నాడు.

ఆమె ఉలిక్కిపడి తలెత్తింది. ఆయన ఏదో చెప్పబోతూ గొంతు సవరించుకున్నాడు.

మాట బయటికి రాకముందే కిటికీ మూసుకుంది.

అడవి అంచున ఎర్రబోరులోని ఆ ఇంట్లో వెలుతురున్న కిటికీ అదొక్కటే. దాని కింద కుట్టుమిషను, మిషను మీద లాప్‌టాప్, ఎదురుగా ఒక స్టూలు. అదే కృష్ణకుమారి ఆఫీసు. మిషను బట్టలు కుట్టడం మానేసి ఆమె వెన్నులో కుట్టడం మొదలుపెట్టి మూడు నెలలైంది.

కూర్చుని చేసే పనే. కూర్చోవడమే పెద్ద పనైంది.

గొల్లపల్లిలో నందే అనే అమ్మాయి, అక్కడి పెద్దవాళ్లు దోర్లీ భాషలో చెప్పే కథలు ఫోనులో రికార్డు చేసి, సిగ్నలున్న రోడ్డు దాకా వచ్చి పంపుతుంది. కృష్ణకుమారి వాటిని హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, తెలుగులో రాసి హైదరాబాదు కంపెనీకి పంపాలి. ఎక్కువ కథలు ఒకే తాతవి. ఫైలు మీద పేరుండదు, నంబరుంటుంది. ఇప్పపూల దగ్గర ఎలుగుబంటి తరిమిన కథ మొదలుపెట్టాలన్నా ఆయన రెండుసార్లు గొంతు సవరించుకోవాల్సిందే.

నందే ఫోన్ చేసినప్పుడల్లా కృష్ణకుమారి నడుంనొప్పి సంగతి చెప్పుకునేది. "ఆ తాతను జర చిన్న కథలు చెప్పమనరాదే" అని నవ్వేది.

ఈ వారం నవ్వులేదు. శనివారానికి పది ఫైళ్లు రాకపోతే పని ఇంకొకరికి ఇస్తామని కంపెనీ చెప్పేసింది.

మర్నాడు ముసలాయన మళ్లీ వచ్చాడు. సగం తెరిచిన కిటికీలోంచి ఆమె మోకాళ్ల వైపు, మోచేతుల వైపు చూసి తాడుకి ముడేశాడు. ఆమె లోపలికి పరిగెత్తి మామ కాశయ్యను పిలుచుకొచ్చేసరికి లేడు.

మూడో రోజు మనిషి కనబడలేదు. తాడు కనబడింది. కిటికీ ఊచకి కట్టి ఉంది. నాలుగు ముడులు.

కాశయ్య దూరం నుంచే లెక్కపెట్టాడు. పెళ్లికైనా పండక్కైనా ఆ చుట్టుపక్కల పల్లెల్లో ముడులేసిన తాడు పంపి పిలుస్తారు. అందుకున్నవాళ్లు రోజుకో ముడి విప్పుతారు. ముడులైపోయిన రోజే పండగ. పెళ్లీ పండగా లేని ఇంటికి ఈ తాడు ఎందుకొచ్చినట్టు?

"ఏంది మామా ఇది?"

"నాలుగు దినాల గడువు బిడ్డా. ముట్టకు."

"మనమేం జేసినం?"

"పొద్దంత చెవులకు పెట్టుకొని వింటనే ఉంటవు. ఎవల మాటలు వింటున్నవో అడవిలున్నోళ్లకేం ఎరుక?"

పోలీసు థానాలో చెప్దామా అంది కృష్ణకుమారి. చెబితే ఒకళ్లకి కోపం, చెప్పకపోతే ఇంకొకళ్లకి అన్నాడు కాశయ్య. ఊరు కొన్నాళ్లుగా నెమ్మదించింది గానీ, ఆ సంగతి భయానికి ఎవరూ చెప్పలేదు. మొగుడు చూస్తే కిరందుల్ గనిలో ఉన్నాడు.

మామా కోడలూ తాడు ముట్టకుండా తలుపుకి తాళమేసి, కోంటాలో చుట్టాలింటికి పోయారు. ముడుల మధ్య ఎడం ఒక్కో చోట ఒక్కోలా ఉందని ఇద్దరిలో ఎవరూ చూడలేదు. భయానికి లెక్కలొస్తాయి గానీ కొలతలు రావు.

కోంటాలో నేల మీద, గోడకి ఆనుకుని ఆరు ఫైళ్లు రాసింది. వీధిలో మోటారుసైకిలు ఆగితే వేళ్లు ఆగిపోయేవి. ఆరోది అయ్యేసరికి కుడిచెయ్యి తిమ్మిరెక్కింది.

నాలుగు రోజుల గడువు దాటాక, శనివారం పొద్దున్నే తిరిగొచ్చారు.

అరుగు మీద కొత్త కుర్చీ ఉంది. టేకుది. వీపు ఆనే చోట నడుము వంపుకి తగ్గట్టు చెక్కి ఉంది. ముందు ఒక చిన్న బల్ల. కుర్చీలో చుట్టచుట్టి అదే తాడు.

"అడుగెయ్యకు" అంటూ కాశయ్య ఆమెని వెనక్కి లాగాడు. "కింద ఏం పెట్టిన్రో."

పక్కింటివాళ్లని దూరంగా పంపేశాడు. పొడుగాటి వెదురుబొంగుతో రెండింటినీ వాకిట్లోకి తోశాడు. ఎండుగడ్డి పడేసి, కిరోసిన్ సీసా విసిరి, వెనకే కొరివి విసిరాడు. ఇద్దరూ గోడచాటున చెవులు మూసుకుని కూర్చున్నారు.

వర్క్ ఫ్రం హోం కాస్తా హోమమైంది.

ఏమీ పేలలేదు. చాలాసేపు టేకు వాసన మాత్రం వచ్చింది.

ఇంకా నాలుగు ఫైళ్లున్నాయి. కృష్ణకుమారి పాత స్టూలు మీదే కూర్చుని, పళ్లు బిగించి మూడు రాసింది. చీకటి పడబోతుండగా చివరిది తెరిచింది. నందే నిన్ననే పంపింది.

రెండుసార్లు గొంతు సవరింపు. తర్వాత నందే గొంతు.

"ఇన్ని దినాలు యాడికి పోయినవ్ తాతా?"

"ఎర్రబోరు. నా మాటలు రాసే బిడ్డకు నడుం నొస్తాందని నువ్వే చెప్తివి గదా. నన్ను జూసి కిటికీ మూసింది, సిగ్గుపడ్డది గావొచ్చు. మోకాలికో ముడి, మోచేతికో ముడి, నడుముకో ముడి, కంటికో ముడి ఏసి ఆడ్నే కట్టిన. కొలత తప్పితే ముడి జరుపుతదనుకున్న. తెల్లారి పోతే ఏ ముడీ జరగలే. సరిపోయిందని చెక్కిన."

కృష్ణకుమారి వేళ్లు ఆగిపోయాయి. వాకిట్లో కాశయ్య బూడిద మీద నీళ్లు చల్లుతున్నాడు.

"అరుగు మీద పెట్టొచ్చిన, ఇగ ఆ బిడ్డకు నడుం నొయ్యదు" అంది మూడు నెలలుగా ఆమె రోజూ వింటున్న ఆ గొంతు, "ఇయాల పెద్ద కథ చెప్త."