హస్తవాసి

"ఎడమ బీరువాకీ కుడి బీరువాకీ వెంట్రుకవాసి తేడా లేదు వైజయంతీ. ఆరేళ్లు తగలేశావు!"

శ్రీకంఠప్ప సార్ కాగితాలు బల్ల మీదికి విసిరారు. వైజయంతి తల వంచుకుని నిలబడింది. మైసూరులోని ఈ పండ్ల ఈగల ల్యాబ్‌కి పరిశోధనకు వచ్చినప్పుడు ఆమెకు ఇరవై ఐదు. ఇప్పుడు ముప్పై ఒకటి.

ఆమె పట్టుకున్న సంగతి చిన్నదేమీ కాదు. ఈగ డీఎన్ఏలో చోటు మార్చి గెంతే ముక్కలు కొన్ని ఉంటాయి. మామూలుగా ఒళ్లే వాటిని కట్టేసి ఉంచుతుంది. వేడి దెబ్బకి ఆ కట్లు వదులవుతాయని, ముక్కలు గెంతి మంచి జన్యువుల్లో దూరి చెరుపు చేస్తాయని, ఆ చెరుపు పిల్లలకూ పోతుందని ఆమె వాదన. ముక్క గెంతితే ఎర్రటి కంట్లో తెల్ల మచ్చ పడే జాతిని ఏరికోరి తెచ్చుకుంది. ఈగల సీసాలు దాచే ఇంక్యుబేటర్లను అక్కడ అందరూ బీరువాలనే అంటారు. ఎడమ బీరువాలో ప్రతి ఆదివారం రాత్రి దానంతట అదే ముప్పై మూడు డిగ్రీల వేడి ఎక్కుతుంది. కుడి బీరువాలో ఎప్పుడూ హాయిగా ఇరవై ఐదు.

తెల్ల మచ్చలు మాత్రం రెండింట్లోనూ సమానంగా పడ్డాయి.

"వేడి తగిలితేనే మేలుకునే జన్యువులు కుడి బీరువా ఈగల్లోనూ మేలుకున్నాయేం? వాటికి వేడెక్కడిది?"

"రోజూ తొమ్మిదింటికి రాగానే చూస్తాను సార్. ఇరవై ఐదే ఉంటుంది."

"అయితే సీసాలు కలిపేసుంటావు. లేదా..." ఆ 'లేదా' తరవాతది ఆయన అనలేదు. అనక్కర్లేకపోయింది. "కొందరి హస్తవాసి అంతే. థీసిస్ మీద నేను సంతకం పెట్టను. సోమవారం తాళాలిచ్చేసి ఊరెళ్లు."

ఆదివారమంతా హాస్టల్ గదిలో పడుకుని ఏడ్చింది వైజయంతి. ఒక్క సీసా కూడా కలిపి ఎరగదు. ప్రతి సీసా మీదా పేరు మూడుసార్లు సరిచూసుకునేది. దొంగ అన్నా ఇంత బాధ ఉండేది కాదేమో.

సోమవారం పొద్దున్న ఆరున్నరకే ల్యాబ్‌కి వెళ్లింది. ఎనిమిదిన్నరకి సొంతూరు శిరసికి బస్సు. మనుషులు రాకముందే తాళాలు బల్ల మీద పెట్టేసి పోదామని. లోపల ఎప్పటిలాగే పులిసిన వాసన. రవ్వా బెల్లమూ ఈస్టూ కలిపి ఈగలకు వండిపెడతారు కనక ఆ వాసన ఎవరికీ పట్టదు.

వెనకాల రేకుల గదిలోంచి నంజమ్మ తొంగిచూసింది. ల్యాబ్ ఊడ్చేది, తాళాలు తీసేది ఆవిడే. అందరికీ అజ్జి, అంటే అవ్వ. తీసిన వస్తువు తీసినట్టే పెట్టడం ఆవిడ పద్ధతి.

"ఇంత పెందరాళే వచ్చేసినావా తల్లీ? రా, మొదటి వాయి ఇప్పుడే దిగింది."

ప్రతి సోమవారం నంజుండేశ్వరుడికి మల్లెపువ్వులాంటి మెత్తటి మల్లిగె ఇడ్లీ నైవేద్యం పెట్టి, ఆ ప్రసాదం వైజయంతికి తినిపిస్తేగానీ ఆవిడకు తోచదు. ఈ ఆరేళ్లలో ఆమెకి ఆ ల్యాబ్‌లో దొరికిన ఆప్యాయత అదొక్కటే.

ఇడ్లీ నోట్లో కరిగిపోయింది.

"ఈ చలికి హాస్టల్లో పిండి కదలనే కదలదు. నీకెలా పొంగుతుంది అజ్జీ?"

"నువ్వు కాలుపెట్టిన వేళ! అంతకుముందు నా ఇడ్లీతో కుక్కను కొడితే కుక్క చచ్చేది."

"నీ హస్తవాసి మంచిది. నాదే..."

నంజమ్మకి కోపం వచ్చింది. "ఆ సారు కేకలు నేనూ వింటిని. ఆయనకేం తెలుసు? వచ్చిన రోజే నాకు చెప్తివి గదా. 'అజ్జీ, ఎడమ బీరువా నా ప్రాణం, వేలు గూడా పెట్టొద్దు. కుడిది ఊరికే పోల్చి చూసుకోడానికి, దాంట్లో మేమేం చెయ్యం' అని. ఎడమదాన్ని దేవుడి గూడులా చూసుకుంటిని. చీపురు గూడా తగలనీలేదు. నీ కష్టం ఆ దేవుడికి తెలుసులే!"

వైజయంతి ఆవిడ చేతులు పట్టుకుంది. ఆరేళ్లలో తన మాట తు.చ. తప్పకుండా విన్న మనిషి ఈవిడ ఒక్కతే.

"కూర్చో, చట్నీ ఇంకాస్త నూరి రెండో వాయి వేస్తా. దోవలోకి కట్టిస్తా."

"సీసాలు చూసొస్తానజ్జీ. మళ్లీ చూడను కదా."

ముందు ఎడమ బీరువా తలుపు మీద చెయ్యి పెట్టింది. ఇంకా వెచ్చగానే ఉంది. దాని మీద ఆమెకి కోపం రాలేదు. తన బతుకు బుగ్గి చేసింది ఆ కుడి బీరువా ఈగలు. హాయిగా చల్లగా ఉండి, ఏ బాధా లేకుండా, తన మాట అబద్ధం చేసిన ఈగలు. వాటి మొహం ఒక్కసారి చూసి పోదామని తలుపు లాగింది.

వేడి మీట ముప్పై మూడు మీద ఉంది, సీసాల్ని జాగ్రత్తగా పక్కకి జరిపి నంజమ్మ పెట్టిన స్టీలు గిన్నెలో రెండో వాయి పిండి మూత ఎత్తేసి పొంగి ఉంది.