ముగ్గురికి బల్ల

గుమ్మం దగ్గర యంత్రం "ఎంతమంది?" అని అడిగింది. తెత్సురో మోచేత్తో "రెండు" నొక్కాడు.

"అన్నయ్యా!" అంది మిసుజు. "అమ్మని లెక్కలోంచి తీసేశావా?"

అతను నాలుక కరుచుకున్నాడు. మళ్ళీ మోచేత్తోనే "మూడు" నొక్కాడు. చేతులు ఖాళీ లేవు. కారు దిగినప్పటినుంచీ అమ్మని అతనే ఎత్తుకుని వస్తున్నాడు. కాసేపు నేనెత్తుకుంటానని మిసుజు రెండుసార్లు అడిగింది. ఇవ్వలేదు.

"ఇంత తేలికైపోయిందేమిటే" అన్నాడు. 

మూడు నెలలు ఆస్పత్రి గోడలు చూసి చూసి అమ్మ ఒకటే కోరింది. "ఇక్కణ్ణుంచి బయటపడ్డాక ముందు నన్ను రేవు వీధి సుషీ కొట్టుకి తీసుకెళ్ళండి. ఇల్లూ వాకిలీ తర్వాత." అందుకే వచ్చారు.

కొట్టు కిటకిటలాడుతోంది. అన్నాచెల్లెళ్ళిద్దరూ నల్ల దుస్తుల్లోనే ఉన్నారు. ఆ వేళకి సగం జనం ఆఫీసుల నుంచి అలాగే వస్తారు. ఎవరూ వీళ్ళ కేసి చూడలేదు.

తెత్సురో అమ్మని లోపలివైపు, పళ్ళేలు మోసుకొచ్చే బెల్టు పక్కన దించాడు. పళ్ళేలు వరసగా కదిలి వెళ్ళడం చూడటం ఆమెకి సరదా. మిసుజు మూడు కప్పుల్లో టీ పొడి వేసి వేడినీళ్ళు పట్టింది. అమ్మ కప్పులో రెండు చెంచాలు వేసింది. అమ్మకి టీ చేదుగా ఉండాలి.

"అమ్మకేం తీసుకోను?"

"అడగాలా? కానగంత చేపే."

అమ్మ ముప్ఫయ్యేళ్ళు రేవులో చేపలు కోసి ఎండబెట్టింది. జీతం వచ్చిన రోజు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇక్కడికే వచ్చేది. "రోజంతా చేపలే కోస్తావు, మళ్ళీ డబ్బిచ్చి చేపలే తింటావేంటమ్మా?" అని తెత్సురో ఏడిపించేవాడు. "అక్కడ నేను కోస్తానురా. ఇక్కడ నాకోసం ఇంకొకళ్ళు కోస్తారు" అనేది.

కానగంత పళ్ళెం వచ్చింది. మిసుజు దాన్ని అమ్మ ముందు పెట్టింది. పక్కన కాస్త అల్లం కూడా వేసింది.

అప్పుడు తెత్సురో, పొద్దున్నుంచీ మిసుజు భయపడుతున్న మాట ఎత్తాడు.

"రాత్రికి అమ్మ ఎక్కడ ఉండాలే?"

"మీ ఇంట్లో."

"మీ వదిన ససేమిరా అంటోంది. రాత్రిళ్ళు పాప దడుచుకుంటుందట."

"నాన్నమ్మని చూసి దడుపేమిటి?"

"నన్నడిగితే ఏం చెప్పను? నువ్వూ పెళ్ళి చేసుకో, తెలుస్తుంది. పోనీ, నీ దగ్గర?"

మిసుజు తల దించుకుంది. చేపల డబ్బాల ఫ్యాక్టరీ హాస్టల్లో ఆమెది ఒక మంచం, ఒక అల్మారా. గదిలో ఇంకో ఇద్దరు. పొద్దున వార్డెన్‌ని కాళ్ళావేళ్ళా పడి బతిమాలింది. "కుదరదమ్మాయ్. తక్కిన పిల్లలు ఒప్పుకోవద్దూ?" అందావిడ. గట్టిగా దెబ్బలాడటం మిసుజుకి చేతకాదు. "సరేనండీ" అని వచ్చేసింది. ఆ "సరేనండీ" ఇప్పటిదాకా గొంతులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

"అమ్మ ముందే ఇవన్నీ మాట్లాడాలా?" అంది.

"విననీ. అమ్మకి తెలియని సంసారమా మనది?"

అమ్మ ఏమీ అనలేదు. ఎప్పుడూ అంతే. కొడుకు గొంతు పెరిగితే ఆమె నోరు మెదిపేది కాదు.

"గుడికి ఫోన్ చేశాను" అన్నాడు తెత్సురో. "నెలన్నర ఉంచుకుంటామన్నారు. పెద్ద హాలు. అమ్మలాంటివాళ్ళు ఇరవైమంది ఉన్నారట. పొద్దునా సాయంత్రం వాళ్ళే చూసుకుంటారు. ఆ తర్వాత ఎలాగూ ఊళ్ళో నాన్న దగ్గరికి వెళ్ళిపోతుంది."

"ఆ హాల్లో పొయ్యి కూడా ఉండదు. అమ్మకి చలి పడదు అన్నయ్యా."

 తెత్సురో గడియారం చూసుకున్నాడు.

"ఆరున్నరకి గుడి తలుపులు వేసేస్తారు. త్వరగా తిను."

మిసుజు బెల్టు కేసి చూస్తూ ఉండిపోయింది. పళ్ళేలు వస్తున్నాయి, పోతున్నాయి. ఎవరూ తీసుకోని ఒక గుడ్డు అట్టు పళ్ళెం మూడోసారి వచ్చింది. దాన్నయినా ఎవరైనా తీసుకుంటే బాగుండుననిపించింది. తను మాత్రం చెయ్యి చాపలేదు.

అమ్మ పళ్ళెంలో రెండు ముక్కలూ అలాగే ఉన్నాయి.

"వదిలేస్తే అమ్మ ఊరుకోదు" అన్నాడు తెత్సురో. "చెరొకటీ తినేద్దాం."

మిసుజు తినే పుల్లలతో ఒక ముక్క తీసి అన్నకి అందించింది. కళ్ళనిండా నీళ్ళు, ఏమీ కనబడటం లేదు. అతనూ పరధ్యానంగా తన పుల్లలు చాచి దాన్ని అందుకున్నాడు.

"అయ్యయ్యో!"

వెనక బల్ల దగ్గర కూర్చున్న ఒక ముసలమ్మ అడ్డచెక్క మీదుగా తొంగిచూస్తోంది.

"ఏం పిల్లలర్రా మీరు! పుల్లలతో ఇస్తే పుల్లలతోనే పుచ్చుకుంటారా? అది ఎక్కడ చేసే పనో తెలీదూ? మీ అమ్మ మీకు నేర్పలేదా?"

నేర్పింది. చిన్నప్పుడు ఇలాగే చేస్తే మిసుజు వేళ్ళ మీద అమ్మ ఒక్కటిచ్చింది కూడా.

"నేర్పింది మామ్మా" అన్నాడు తెత్సురో మెల్లగా.

మిసుజు మాత్రం, ఆ మధ్యాహ్నం దహనశాలలో తామిద్దరూ అచ్చం అలాగే పుల్లల నుంచి పుల్లలకి ఒక్కొక్క ఎముకే అందించుకుంటూ నింపిన తెల్లగుడ్డ చుట్టిన కుండని పక్క సీట్లోంచి ఒళ్ళోకి తీసుకుని, "పదమ్మా, గుడికి వేళయింది" అంది.