దూది పరీక్ష

"కండ్లు మూసుకోమ్మా. అరికాలికి దూది తగిలినప్పుడల్లా చెప్పు," అంది ముబీనా. మెడిసిన్ మొదటి ఏడు. రేపే ఫిజియాలజీ ప్రాక్టికల్.

"తగిలె. మళ్లా తగిలె," అంది జులేఖా బీ. ఒక్కటీ తప్పలేదు.

అయినా ముబీనాకు అనుమానం పోలేదు. ఇందాక మిట్టమధ్యాహ్నం, కాలుతున్న బండల మీద అమ్మ చెప్పుల్లేకుండా నిదానంగా నడిచి వచ్చింది.

"దొంగగా చూస్తాండావా?"

"యాడ చూసేది? కావాలంటే చున్నీ కట్టు."

కట్టింది. మళ్లీ దూది తాకించింది. చేతిగాజులు గలగలమన్నాయి.

"తగిలె."

ముబీనా చెయ్యి ఆగింది. గాజులను చప్పుడు కానీకుండా మోచేతి దాకా ఎగదోసుకుంది. దూది పక్కన పెట్టి, అరికాలిని గోటితో గట్టిగా నొక్కింది.

జులేఖా బీ చెవి ఇటు తిప్పింది.

"ఏం మే, గమ్మునైతివి? పెట్టు."