రాయి మీద అరచెయ్యి

"సుత్తితోని కొట్టినంక అందరు చెవి పెడ్తరు. మీరొక్కలే చెయ్యెందుకు పెడ్తరు భాయ్?"

స్పందన ఎదురుగా నిలబడి అడిగింది కాబట్టి సరిపోయింది. ముకర్రం గుండె మాత్రం గుభేలుమంది.

"అలవాటు మేడమ్," అని నవ్వేశాడు.

కరీంనగర్ శివార్లలోని ఆ గ్రానైట్ ఫ్యాక్టరీలో ఏ పలకలో పగులుందో తేల్చేది అతనే. బాగున్న రాయి ఖంగుమంటుంది, పగిలినది బొంగురుగా పలుకుతుంది. కానీ రంపాల హోరుకు అతని చెవులు ఎప్పుడో మొరాయించాయి. పాపం, ఎవరికీ చెప్పుకోలేదు. ఆ హోరులో అందరూ సైగలతోనే మాట్లాడుకుంటారు, ఎదురుగా ఉన్నవాళ్ల పెదవులు చదవడం అతనికి అలవాటైంది గనుక ఇన్నాళ్లూ బండి నడిచింది. బయటపడితే ఉద్యోగం ఊడుతుంది. ఈ వయసులో ఇంకెవరు పిలిచి పనిస్తారు?

అంతలో ఈ సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఊడిపడింది. వచ్చిన నాటి నుంచీ అతని వెంటే తిరుగుతోంది.

"కంప్యూటర్ పనైతే ఆఫీసుల కూసొని చేసుకోరాదు?" అన్నాడోసారి.

"పని చేసెటోళ్ల పక్కన నిలవడి చూడనిది ఒక్క ముక్క గూడ రాయం భాయ్. మా దగ్గర అదే మొదటి కట్టుబాటు."

కట్టుబాటట! కూపీ లాగేవాళ్లంతా ఇలాగే అంటారు. పైగా పంపింది యజమాని జనార్దన్‌రావు. ఆయన వాలకమూ ఈమధ్య తేడాగానే ఉంది. ఒకప్పుడు రాళ్ల మధ్య కూర్చుని ముచ్చట్లు పెట్టే మనిషి, ఇప్పుడు ఫోనే ఎత్తడు. ఏదున్నా వాట్సాప్‌లో ముక్తసరిగా రెండు మాటలు. వెనక నుంచి సలాం చెబితే తిరిగైనా చూడడు. నిప్పు లేనిదే పొగ రాదు కదా.

సోమవారం స్పందన ఒక పలకకు బిళ్లంత పరికరం అంటించి సుత్తితో కొట్టింది. తెర మీద ఎర్ర లైటు వెలిగింది. ముకర్రం అరచెయ్యి ఆనించి చూశాడు. నిజమే, పగులుంది.

"మీ చెయ్యి చూసే చేసినం భాయ్. గిది రాయి అదురు పట్టుకుంటది. పగులుంటే ఎర్రది, లేకుంటే పచ్చది."

"గంట మోగేటట్టు పెట్టరాదు?" అన్నాడు, అనుమానం రాకుండా.

"సారు వద్దన్నరు. చప్పుడే వద్దు, అన్నీ లైట్లే పెట్టుమన్నరు. అదొక్కటే పట్టువట్టిండ్రు."

ముకర్రం పలక మీంచి చెయ్యి తీసేశాడు. సారుకు తన చెవుల సంగతి తెలిసిపోయింది! ఇక ఈ పనికి ఎవరిని పెట్టినా సాగిపోతుంది. గెంటించుకునేకంటే తానే చెప్పేయడం మర్యాద అనుకుని ఆఫీసు గదిలోకి వెళ్లాడు. జనార్దన్‌రావు కిటికీ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

"సార్, నాకు ఇనవడ్తలేదు. శాన దినాల సంది దాచిన. తప్పైంది. రేపటి సంది రాను."

ఆయన ఇటు తిరగలేదు.

"ఇన్నేండ్ల నౌకరి సార్! జర ఇటు తిరిగి ఒక్క మాటన్న అనుండ్రి."

ఆయన కదలనైనా లేదు. ముకర్రానికి ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. వెళ్లి ఆయన భుజం పట్టుకున్నాడు.

జనార్దన్‌రావు అదిరిపడి వెనక్కి తిరిగాడు. ముకర్రం పెదవుల వంక కాసేపు చూసి, సిగ్గుగా తల దించి, మళ్లీ ఎత్తాడు.

"మొకం జూపి మళ్ల చెప్పు ముకర్రం, నాకు చెవులు పోయినయ్."