లాంతరు సంఘం వదిలినవాడు

"నిన్ను ప్రేమించమని నాకెవరూ చెప్పలేదు జోసీ. ప్రేమించినట్టు నటించమన్నారు," అన్నాడు హోలిస్.

జోసలిన్ చేతిలో చెంచా ఆగిపోయింది.

"ఎవరు?"

"లాంతరు సంఘం వాళ్ళు."

వాళ్ళు చదివే విశ్వవిద్యాలయంలో ఆ పేరెత్తితే ఎవరికైనా గొంతు తగ్గుతుంది. అక్కడున్న రహస్య సంఘాలన్నిట్లోకీ అదే పాతది. అందులో చేరినవాడికి జడ్జీలూ గవర్నర్లూ జీవితాంతం అన్నలైపోతారు. చేరాలంటే మాత్రం ఒక పరీక్ష నెగ్గాలి. అక్కడ ఏ సంఘానికైనా అదే పద్ధతి.

హోలిస్‌కు పెట్టిన పరీక్ష జోసలిన్. లైబ్రరీలో కిటికీ పక్కన ఎప్పుడూ ఒంటరిగా కూర్చునే ఆ అమ్మాయి నోట, మంచు కరిగేలోపు, 'నిన్ను ప్రేమిస్తున్నాను' అనిపించాలి. ఆమె క్రిస్మస్ సెలవులకి ముందే అనేసింది. హోలిస్ సభ్యుడైపోయాడు. ఆ తర్వాత ఆమెను వదిలేసినా అడిగేవాళ్ళు లేరు.

అతనే వదల్లేకపోయాడు. జనవరిలో అతని తల్లికి ఉన్నట్టుండి గుండె ఆపరేషన్ అన్నారు. బస్సులు ఆగిపోయిన మంచు తుఫానులో, జోసలిన్ తన డొక్కు కారు తీసి పోర్ట్‌లాండ్ దాకా నడిపింది. ఆస్పత్రి వరండాలో అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ రోజునుంచీ అతనికి తిండి సహించడం లేదు.

"నేనా మాటన్నప్పుడు వెళ్ళి వాళ్ళకి చెప్పావా?" అడిగింది జోసలిన్.

"చెప్పాను."

"నవ్వారా?"

హోలిస్ తలదించుకున్నాడు. "నవ్వారు."

ఆమె కళ్ళలోంచి నీళ్ళు జారి ఆల్చిప్పల సూపులో పడ్డాయి. పక్క బల్లల వాళ్ళు తలలు తిప్పి చూశారు.

"ఇంకా వాళ్ళలోనే ఉన్నావుగా? అక్కడ ఉంటూనే ఇక్కడ నాకు క్షమాపణ చెప్తావా?"

"మానేస్తాను. ఇవాళే మానేస్తాను."

జోసలిన్ కళ్ళు తుడుచుకుంది.

"వద్దులే హోలిస్," అంది మెల్లగా. "తర్వాత నన్నే తిట్టుకుంటావు."

"తిట్టుకోను. ఒట్టు."

ఆమె లేచింది. కోటు తీసుకుని వెళ్ళిపోయింది.

హోలిస్ అటునుంచటే సంఘం భవనానికి వెళ్ళాడు. పెద్ద గదిలో అధ్యక్షుడు ప్రెస్కాట్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. విషయం విని, ముందు వేళాకోళమనుకున్నాడు.

"నీకేమైనా పిచ్చా? ఒకసారి బయటికెళ్తే ఈ తలుపు మళ్ళీ తెరుచుకోదు. మాలో ఒక్కడు కూడా నీ మొహం చూడడు."

"తెలుసు."

"ఒక అమ్మాయి కోసమా ఇదంతా?"

"కాదురా. ఆ అమ్మాయికి నేను చేసినదాని కోసం."

ప్రెస్కాట్ పెదవి విరిచాడు. "మన సంఘంలో ఇప్పటిదాకా తనంతట తాను పోయినవాడు లేడు. తలెత్తుకోలేకుండా చేస్తున్నావురా మమ్మల్ని."

హోలిస్ వాకిలి దిగకముందే కబురు అతని తండ్రికి చేరింది. ఫోన్ మోగింది.

"మీ తాత ఫొటో ఉందిరా ఆ సంఘం గోడమీద! దాని పక్కన నాది! నీ మొహం నాకు చూపించకు," అని పెట్టేశాడు ఆయన.

రాబోయే ఉద్యోగం, చుట్టరికాలు, ఇల్లు... ఒక్క మధ్యాహ్నంలో అన్నీ పోయాయి. అయినా హోలిస్‌కు చాలా రోజుల తర్వాత ఆకలేసింది. వేడివేడి డోనట్లు పొట్లం కట్టించుకుని జోసలిన్ హాస్టల్‌కు పరుగెత్తాడు.

"ఇప్పుడే వెళ్ళింది," అంది ఆమెతో గదిలో ఉండే అమ్మాయి. "మంచి గౌను వేసుకుంది. కళ్ళు మాత్రం ఉబ్బిపోయి ఉన్నాయి. ఎందుకని అడిగితే చెప్పలేదు."

"వస్తుందిలే. ఇక్కడే ఉంటాను," అన్నాడు హోలిస్. చల్లారిపోకుండా పొట్లాన్ని కోటులో దాచుకుని, మెట్లమీద కూర్చున్నాడు.

అదే సమయానికి రెండు వీధుల అవతల, లాంతరంటే గిట్టని మరో రహస్య సంఘం జోసలిన్‌ను తమలో చేర్చుకుంటోంది. లాంతరు కుర్రాడొకణ్ణి తనంతట తానే బయటికి వచ్చేలా చెయ్యాలన్నది, హోలిస్ లైబ్రరీలో ఆమె పక్కన కూర్చోకముందే వాళ్ళు ఆమెకు పెట్టిన పరీక్ష.