ఆదివారం చూపించిన ఇల్లు

ఊరు మారినప్పుడు ఇల్లు వెతికింది నేనే. పార్కు పక్కన ప్రశాంతమైన పేట ఒకటి ఉంది కానీ, నేను మెకానిక్‌గా చేరిన బస్సు డిపోకు అక్కడి నుంచి రెండు బస్సులు మారాలి. డిపో వెనక వీధి నాకు దగ్గర. అక్కడ ఎదురుగా ఇనుప బీరువాలు చేసే షెడ్డు ఉంది, పొద్దస్తమానం దడదడలే. అందుకే మా ఆవిడకు ఆ ఇల్లు షెడ్డు మూసి ఉండే ఆదివారం చూపించాను.

"చీమ చిటుక్కుమన్నా లేచే పిల్ల. ఇక్కడ పడుకుంటుందంటారా?" అంది, ఐదు నెలల పాపను జోకొడుతూ.

"ఎంత నిశ్శబ్దంగా ఉందో చూడు," అన్నాను.

చేరాక ఆమె ఒక్క మాట అనలేదు. నేనే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ రోజూ సాయంత్రం అడిగేవాణ్ణి.

"పాప పగలు పడుకుందా?"

"ఆఁ, హాయిగా."

నెల తిరిగేసరికి, పిల్లకు చప్పుడు అలవాటైందిలే అని గుండెల మీది బరువు దించుకున్నాను.

నిన్న మధ్యాహ్నం ఊరి చివర ఒక బస్సు ఆగిపోతే బాగుచేయడానికి వెళ్లాను.

"అందరినీ వెనక బస్సెక్కించాను బాబాయ్. ఒక్కావిడ దిగనంటోంది," అన్నాడు కండక్టరు. "రోజూ ఇంతే. చంటిపిల్లతో ఎక్కుతుంది, ఊరంతా తిరిగి ఎక్కిన చోటే దిగుతుంది. కొంపా గోడూ లేదేమో పాపం."

నచ్చజెబుదామని ఎక్కాను. చివరి సీట్లో మా ఆవిడ. ఒళ్లో పాప.

"గట్టిగా మాట్లాడకండి," అంది గుసగుసగా. "ఇప్పుడే పడుకుంది."

పనిముట్ల సంచి తెరవకుండానే కిందికి దిగాను.

"ఎంతసేపు పడుతుంది బాబాయ్?"

"గంట," అన్నాను. పని పది నిమిషాలదే.